పాత చార్ట్‌పై గురి తప్పని బాణాలు: రివర్సల్ ఇండికేటర్ కొనబోయేవారికి హెచ్చరిక

షేరు ధరల చార్ట్‌లో హెడ్ అండ్ షోల్డర్స్ (రెండు భుజాల మధ్య తలలా కనిపించే మూడు శిఖరాలు), డబుల్ టాప్ (దాదాపు ఒకే ఎత్తులో రెండు శిఖరాలు) వంటి ప్యాటర్న్‌లను తానే పసిగట్టి, ట్రెండ్ తిరగబడే చోట బాణం గుర్తు వేస్తుందని ప్రకటించుకున్న ఒక ఇండికేటర్‌ను, అంటే చార్ట్ మీద సంకేతాలు వేసే సాఫ్ట్‌వేర్‌ను, ఏడాది చందా కట్టి కొన్నాను. మూడు వారాలకే పక్కన పెట్టాను. అమ్మినవారి పేరు రాయడం లేదు. ఇదే తీరులో అమ్ముడయ్యే సరుకు ఇంకా చాలా ఉంది కనుక, అది ఎలా బోల్తా కొట్టిస్తుందో తెలియడమే కొనేవారికి ముఖ్యం.

వారు చూపిన నమూనా చార్టుల్లో ప్రతి శిఖరం మీదా ఎర్ర బాణం, ప్రతి లోయ కిందా పచ్చ బాణం ఉన్నాయి. మొదటి వారంలో ఒక షేరు మీద ఎర్ర బాణం పడగానే షార్ట్ చేశాను, అంటే ధర పడుతుందని ముందే అమ్మాను. ధర మరో రెండు రోజులు పెరిగి స్టాప్‌లాస్ (నష్టం ఇంతకు మించకుండా బయటపడేందుకు ముందే పెట్టుకున్న ధర) తగిలింది. ఆ సాయంత్రం చార్ట్ తెరిస్తే, నేను నమ్మిన బాణం అక్కడ లేదు; కొత్త శిఖరం మీద, మొదటినుంచీ అదే తన చోటన్నట్టు కూర్చుంది. ఆనాటి నుంచి రోజూ స్క్రీన్‌షాట్లు దాచాను. తరువాతి పదకొండు బాణాల్లో ఏడు జరిగిపోయాయి లేదా మాయమయ్యాయి.

దీన్నే ట్రేడర్లు రీపెయింట్ అంటారు. చిన్న కదలికలను వదిలి పెద్ద మలుపులను మాత్రమే కలిపే జిగ్‌జాగ్ గీతను చూస్తే విషయం అర్థమవుతుంది: దానికి 5 శాతం పరిమితి పెడితే, ధర శిఖరం నుంచి 5 శాతం పడిన తరువాతే ఆ శిఖరం ఖాయమవుతుంది, కానీ గుర్తు మాత్రం వెనక్కి వెళ్లి శిఖరం మీదే పడుతుంది. పాత చార్ట్ చూసేవారికి ఆ ఆలస్యం కనిపించదు. పడిపోయిన ఆ 5 శాతం ఎవరి చేతికీ అందనిదని ప్రకటనలో ఎవరూ చెప్పరు.

అసలు హెడ్ అండ్ షోల్డర్స్ అయినా నెక్‌లైన్ (తలకు రెండు పక్కలా ఉన్న లోయలను కలిపే గీత) తెగేదాకా అనుమానమే తప్ప నిర్ధారణ కాదు. నెక్‌లైన్ 100 వద్ద, తల 112 వద్ద ఉందనుకుంటే, ధర 100 కింద ముగిశాకే 88 అనే టార్గెట్ (తల ఎత్తు 12ను నెక్‌లైన్ నుంచి కిందికి కొలిస్తే వచ్చేది) గురించి మాట్లాడాలి, అదీ అంచనాగానే. కుడి భుజం మీద వాల్యూమ్ (చేతులు మారిన షేర్ల సంఖ్య) తగ్గిందా, తెగే రోజున పెరిగిందా అన్నది కూడా చూడాలి. నేను కొన్న ఇండికేటర్ కుడి భుజం సగం కట్టకముందే పేరు పెట్టేసేది. భుజం కాస్తా కొత్త తల అయిపోతే పాత పేరు తుడిచేసేది.

ఇక "80 శాతం కచ్చితత్వం" అన్న మాట. అది నిజమే అయినా, గెలిచిన ప్రతిసారీ 2 పాయింట్లు, ఓడిన ప్రతిసారీ 10 పాయింట్లు అయితే, పది ట్రేడ్లలో 16 వచ్చి 20 పోతాయి. స్టాప్‌లాస్, టార్గెట్ ఎంతెంతో చెప్పకుండా గెలుపు శాతం ఒక్కటే చెప్పేవారిని అక్కడే ఆపి అడగండి.

కొనే ముందు, పాత చార్ట్‌ను ఒక్కో క్యాండిల్‌గా (ఒక్కో కాలవ్యవధి ధరను చూపే గుర్తుగా) ముందుకు నడిపే రీప్లేలో ఆ ఇండికేటర్‌ను నడిపించమనండి. కొన్నాళ్లు ఉచితంగా వాడనివ్వమని కూడా అడగండి. నేను రెండోది అడిగాను, కుదరదన్నారు, అయినా కొన్నాను. ఆ తప్పు నాదే. స్క్రీన్‌షాట్లన్నీ పంపి డబ్బు వాపసు అడిగితే, లోపం ఇండికేటర్‌లో కాదు, నా మానసిక క్రమశిక్షణలో ఉందని, దాన్ని సరిదిద్దే కోర్సు కూడా తమ దగ్గరే ఉందని జవాబు వచ్చింది.