తెర మీది లెక్కను పట్టుకోవాలంటే ఫోను ఫొటోనా, ప్రింట్ స్క్రీన్ మీటా, స్నిప్పింగ్ టూలా?

మా బావకు అల్లూరు వైపు రొయ్యల గుంటలున్నాయి. మేత బాకీ కట్టాల్సి వచ్చినప్పుడల్లా కావలిలోని మా ఇంటికి వచ్చి, మా కంప్యూటర్‌లోనే ఆర్టీజీఎస్, అంటే పెద్ద మొత్తాలను బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపే పద్ధతిలో, డబ్బు పంపుతాడు. డబ్బు వెళ్లిందన్న సందేశం తెర మీదికి రాగానే జేబులోంచి ఫోను తీసి ఫొటో కొట్టడం ఆయన అలవాటు. నిరుడు వేసవిలో ఆ అలవాటే కొంప ముంచింది. డబ్బు చేరలేదు, యూటీఆర్ నంబరు చెప్పండి అన్నారు మేత కొట్టువాళ్లు. ఒక్కో చెల్లింపును గుర్తుపట్టే ఆ నంబరులో, ఆర్టీజీఎస్‌కైతే, అక్షరాలూ అంకెలూ కలిపి 22 ఉంటాయి. ఫొటోలో ట్యూబులైటు వెలుగు సరిగ్గా ఆ వరుస మీదే పడింది. చుట్టూ ఇంద్రధనుస్సు చారలు. మధ్యలో ఉన్నది ఎనిమిదో మూడో ముగ్గురం చూసినా తేలలేదు. ఖాతా మళ్లీ తెరిచి చూద్దామంటే కరెంటు పోయింది. తిరిగి వచ్చేదాకా బావ వాకిట్లో పచార్లు చేస్తూనే ఉన్నాడు.

ఆ చారలు ఫోను లోపం కాదు. తెర మీద చుక్కలు గళ్లు గళ్లుగా ఉంటాయి, ఫోను కెమెరా లోపలి గళ్లు వేరే కొలతలో ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పడితే రెండు దోమతెరలు కలిపి చూసినట్టు అలలు కనిపిస్తాయి. ఎంత ఖరీదైన ఫోనులోనైనా ఇవి రావచ్చు. అలాగని ఫోను ఫొటోను పూర్తిగా తీసిపారేయలేం. నీలం తెర వచ్చి కంప్యూటర్ బిగుసుకుపోయినా, విండోస్ మొదలు కాకముందే ఏదో పొరపాటు సందేశం కనిపించినా, అక్కడ ఏ మీటా పలకదు. రిపేరు చేసే అబ్బాయికి చూపించడానికి ఫోనే దిక్కు. దాని పని అంతవరకే.

ఇక ప్రింట్ స్క్రీన్ మీట. కీబోర్డులో ఎఫ్12 పక్కన ఉంటుంది. మా ఇంట్లో దాని మీది అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. దీన్ని ఒంటరిగా నొక్కితే పాత విండోస్‌లో ఏమీ జరిగినట్టుండదు. బొమ్మ క్లిప్‌బోర్డులోకి, అంటే కంప్యూటర్ తాత్కాలిక జ్ఞాపకంలోకి మాత్రమే వెళ్తుంది. పెయింట్ తెరిచి, అతికించి, సేవ్ చేస్తేనే అది ఫైలవుతుంది. ఈలోగా ఇంకేదైనా కాపీ చేస్తే మొదటిది పోయినట్టే. యూపీఎస్ బ్యాటరీ ముసలిదైన ఇళ్లలో కరెంటు పోయినా అంతే. విండోస్ మీటతో పాటు వి నొక్కితే వచ్చే క్లిప్‌బోర్డు చరిత్రను ముందుగా ఆన్ చేసుకుంటే 25 దాకా గుర్తుంచుకుంటుంది కానీ, పిన్ చేయనివన్నీ కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టగానే పోతాయి.

అదే మీటను విండోస్ మీటతో కలిపి నొక్కి చూడండి. తెర ఒక్క క్షణం మసకబారుతుంది. అంతే, పిక్చర్స్‌లోని స్క్రీన్‌షాట్స్ ఫోల్డరులో ఫైలు సిద్ధం. పెయింటు లేదు, అతికించడం లేదు. డబ్బు విషయంలో నా ఓటు దీనికే. మొత్తం తెర పడుతుంది కాబట్టి కింది మూలన గడియారం, తేదీ కూడా బొమ్మలోకి వస్తాయి. మొన్నొకసారి 50 కౌంటు (కిలోకు యాభై తూగే) రొయ్యలకు ఉదయం ఒక ధర పంపిన కొనుగోలుదారు సాయంత్రానికి నేను అలా అనలేదన్నాడు. అప్పుడు బావ వాదించలేదు. గడియారంతో సహా ఉన్న బొమ్మను పంపించాడు. అవతలివాడు ఇంకో మాట మాట్లాడలేదు.

దీనికీ ఒక చిక్కుంది. మొత్తం తెర అంటే మొత్తమే. పక్కన తెరిచి ఉన్న వాట్సాప్ సందేశాలు, బ్రౌజరులో వరుసగా ఉన్న ట్యాబుల పేర్లు అన్నీ వస్తాయి. ఆల్ట్‌తో కలిపి ప్రింట్ స్క్రీన్ నొక్కితే ముందున్న విండో ఒక్కటే పడుతుంది గానీ, అదీ క్లిప్‌బోర్డులోకే.

రోజువారీ పనికి మాత్రం విండోస్, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కడమే మేలు. ఇది నాకు నేర్పింది ఒంగోలులో ఇంజినీరింగ్ చదువుతున్న అక్క కూతురు. "పిన్నీ, కూరగాయ తరిగినట్టు కావలసిన ముక్కే తరుగు" అంది. తెర కాస్త నల్లబడుతుంది, మౌసుతో గీసినంత మేరే పడుతుంది. ఇదే స్నిప్పింగ్ టూల్. విండోస్ 11లో తీసిన బొమ్మను తానే స్క్రీన్‌షాట్స్ ఫోల్డరులో దాస్తుంది, ఫైలు పేరులో తేదీ, సమయం కూడా పెడుతుంది. విండోస్ 10లో అలా కాదు, మూలన వచ్చే చిన్న పలకను నొక్కి మనమే సేవ్ చేయాలి. కొత్త విండోస్ 11లో ప్రింట్ స్క్రీన్ ఒక్కటి నొక్కినా ఈ టూలే తెరుచుకుంటుంది. బొమ్మలోని ఇంగ్లీషు అక్షరాలను ఏరి కాపీ చేసే సౌకర్యం కూడా ఇందులో వచ్చింది. ఆ 22 అక్షరాల నంబరును ఇప్పుడు చేత్తో కొట్టడం లేదు. సున్నాకూ ఓ అక్షరానికీ తేడా మాత్రం ఒకసారి కంటితో చూసుకుంటాను. యంత్రానికీ అక్కడ తడబాటు ఉంటుంది.

ఖాతా నంబరు దాచి పంపాలనుకునేవారు ఒక సంగతి గమనించాలి. టూల్ తనంతట తాను సేవ్ చేసేది అసలు బొమ్మను. మీరు నల్లగా పూసింది వేరే ఫైలు, అసలుది ఫోల్డరులో అలాగే ఉంటుంది. తొందరలో అసలుదే పంపేవాళ్లను చూశాను. నల్లరంగును కూడా హైలైటర్ పెన్నుతో పూయకండి, కింది అంకెలు లీలగా కనిపిస్తూనే ఉంటాయి. 2023లో ఈ టూల్‌లోనే ఒక లోపం బయటపడింది. బొమ్మను కత్తిరించి అదే పేరుతో సేవ్ చేస్తే, కత్తిరించిన భాగం కొంత ఫైలులోనే మిగిలిపోయేది. ఆ మార్చిలోనే సరిచేశారు. ఏళ్ల తరబడి అప్‌డేట్ చేయని కంప్యూటర్లు ఊళ్లో ఎన్ని ఉన్నాయో తలుచుకుంటేనే నాకు భయం.

గ్రీన్‌షాట్, షేర్‌ఎక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. బాణాలు గీసి, వరుస నంబర్లు వేసి పాఠాలు తయారుచేసేవారికి అవి బాగుంటాయి. మా ఇంట్లో వాటికి పనిలేదు. బొమ్మను ఇంటర్నెట్‌లోకి ఎక్కించి లంకె ఇచ్చే రకాలను మాత్రం బ్యాంకు పనికి దగ్గరికి రానివ్వను.

భూమి అడంగల్, రైలు టికెట్టు, పరీక్ష దరఖాస్తు లాంటివాటికి అసలు స్క్రీన్‌షాటే వద్దు. కంట్రోల్, పి నొక్కి పీడీఎఫ్‌గా దాచుకోండి. పేజీ ఎంత పొడుగున్నా వస్తుంది, ప్రింటు తీస్తే అక్షరం చెదరదు. కొన్ని వెబ్‌సైట్లు పీడీఎఫ్‌లో చిందరవందర అవుతాయి. అప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్ నొక్కి పేజీ మొత్తాన్ని ఒకే బొమ్మగా తీసుకోవచ్చు.

తీసినదాన్ని పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా పంపితే అది బొమ్మను నొక్కి చిన్నది చేస్తుంది, చిన్న అంకెల చుట్టూ మసి పూసినట్టవుతుంది. స్క్రీన్‌షాట్ సేవ్ అయ్యే పీఎన్‌జీ రకం ఫైలును, బొమ్మను నొక్కి చిన్నది చేసే జేపీజీ రకంగా మార్చినా ఇదే జబ్బు. ఫోల్డరులో బొమ్మ కనిపించకపోతే గాబరా పడకుండా వన్‌డ్రైవ్ లోపలి పిక్చర్స్‌లో వెతకండి. బ్యాకప్ ఆన్ అయి ఉంటే అక్కడికే పోతాయి. ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే కాబట్టి అది నిండిపోయిందన్న గోల కూడా ఎప్పుడో ఒకప్పుడు మొదలవుతుంది.

పేర్ల దగ్గర మాత్రం మా ఇంట్లో ఇంకా రాజీ కుదరలేదు. నేను 2025-05-14 మేత అని ఏడాది ముందు పెట్టి రాస్తాను, అలా అయితేనే వరుసలో ఉంటాయి. బావ గుంట పేరు ముందుండాలంటాడు. ప్రస్తుతానికి గుంటకొక ఫోల్డరు పెట్టి, లోపల తేదీలు పెడుతున్నాం.