కుక్: ఇండియన్ పసిఫిక్ రైలు ఆగే ఖాళీ ఊరు

సిడ్నీ నుంచి పెర్త్ దాకా 4352 కిలోమీటర్లు, మూడు రాత్రులు. ఇండియన్ పసిఫిక్ రైల్లో తిండి, పానీయాలు, మధ్యలో దిగి చూసే ఊళ్లు అన్నీ టికెట్టులోనే వస్తాయి. ఆ ఊళ్లలో అన్నిటికన్నా తక్కువ హంగున్నది, దక్షిణ ఆస్ట్రేలియాలో చెట్లే లేని నల్లర్బార్ మైదానం నడుమ ఉన్న కుక్. మా లెక్కలో ఈ ప్రయాణానికి మార్కులు తెచ్చిపెట్టేదీ అదే, ఏం ఆశించి దిగాలో ముందే తెలిస్తే.

రైలు ఇక్కడ ఆగేది మన కోసం కాదు, ఇంజిన్లకు డీజిల్ పట్టడానికి, డ్రైవర్లు మారడానికి. కాబట్టి సమయం వాళ్ల పనిని బట్టే ఉంటుంది. దిగేటప్పుడే ఎన్నింటికల్లా ఎక్కాలో సిబ్బందిని అడగండి. మామూలు ప్లాట్‌ఫారం ఉండదు, మెట్లు వేసి నేల మీదికే దింపుతారు. కింద కంకర, సున్నపురాయి. చెప్పులతో దిగితే మడమ మెలిక పడడం ఖాయం. పెద్ద పెట్టె లగేజీ వ్యానులోకి వెళ్లిపోతుంది, దారిలో చేతికి రాదు. అందుకే బూట్లు, టోపీ, నీళ్ల సీసా చేతిసంచిలోనే ఉంచుకోవాలి. వేసవిలో ఈగలు కళ్లలోకీ ముక్కులోకీ దూరుతాయి. టోపీకి తగిలించుకునే వల ఉంటే సిగ్గుపడకుండా వేసుకోండి.

1917లో పూర్తయిన ట్రాన్స్ ఆస్ట్రేలియన్ లైను కోసం వెలిసిన ఊరిది. పేరు ఆస్ట్రేలియా మాజీ ప్రధాని జోసెఫ్ కుక్‌ది. బడి, ఆస్పత్రి, ఈతకొలను, గోల్ఫ్ మైదానం కూడా ఉండేవి (గడ్డిపరక లేని చోట గోల్ఫ్!). సరుకులన్నీ ‘టీ అండ్ షుగర్’ అనే రైలే తెచ్చేది. అది 1996లో ఆగింది. 1997లో రైల్వే ప్రైవేటు చేతికి పోవడంతో ఊరు మూతపడింది. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. దుకాణాలు, హోటళ్లు ఉంటాయనుకుని దిగొద్దు.

ముందు జైలు గదుల దగ్గరికి వెళ్లండి. రేకుల మరుగుదొడ్డంత ఉన్న రెండు గదులు, అంతే. ఆ ఎండలో లోపల కూర్చోవడం ఎలా ఉండేదో తలుపు దగ్గర నిలబడితేనే తెలిసిపోతుంది. ఆస్పత్రి నిలబెట్టుకోవడానికి అప్పట్లో పెట్టిన బోర్డు ఫొటోల్లో బాగా తిరిగింది: ‘మా ఆస్పత్రికి మీ సాయం కావాలి, జబ్బు పడండి.’

తర్వాత పట్టాలు. ఇక్కడ లైను 478 కిలోమీటర్లు ఒక్క వంపు లేకుండా సాగుతుంది, ప్రపంచంలోకెల్లా పొడవైన తిన్నని రైలుమార్గం. ఫోన్ వైడ్ లెన్స్‌తో తీస్తే ఇదంతా సన్నటి గోధుమరంగు గీతలా వస్తుంది. జూమ్ పెట్టి, మోకాలెత్తు నుంచి తీయండి. పట్టాల మీదికి మాత్రం ఎక్కొద్దు, గూడ్సులు నడిచే లైనిది. చెట్లెందుకు లేవంటే, వాన తక్కువ, పడిన కాస్త నీరూ సున్నపురాయి సందుల్లోకి ఇంకిపోతుంది. ఉప్పుపొదలు తప్ప ఏదీ నిలవదు.

ఇక లోపాలు. గోల్డ్ తరగతిలో ఒక్కరి కోసం ఉండే సింగిల్ కేబిన్‌లో బాత్రూం ఉండదు, బోగీ చివర ఉన్నదే అందరికీ. సొంత బాత్రూం కావాలంటే ఇద్దరి కోసం ఉండే ట్విన్ కేబిన్ తీసుకోవాలి. అందులో ఒకరు పైబెర్తు ఎక్కాల్సిందే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది ఇబ్బంది.

మైదానం మీద ఫోన్ సిగ్నల్ ఉండదు. గడియారం గొడవ కూడా అక్కడే. సౌత్ ఆస్ట్రేలియాకూ వెస్ట్రన్ ఆస్ట్రేలియాకూ గంటన్నర తేడా, వేసవిలో రెండున్నర. సిగ్నల్ లేని ఫోన్ పాత టైమే చూపిస్తుంది, సిబ్బంది మాత్రం ‘రైలు టైం’ చెబుతారు. భోజనానికి పిలిచేదీ, మళ్లీ ఎక్కమనేదీ దాని ప్రకారమే. చేతి గడియారాన్ని దానికి సరిచేసుకుని ఫోన్ జేబులో పెట్టేయండి.