గోదావరి డెల్టాలో తేలికపాటి కెమెరా: ఎక్స్-టీ30, మూడు లెన్సులు, కొన్నేళ్ల వాడకం

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) కొందామనుకునేవాళ్లు ముందుగా అడిగేది "బాడీ ఎంత బరువుంటుందండీ?" అని. మోయాల్సింది బాడీ ఒక్కదాన్నే కాదు, సంచీ మొత్తాన్ని. నా పాత డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండేది) నికాన్ డీ7200 బ్యాటరీతో కలిపి 765 గ్రాములు. దానికి 18-140 లెన్స్ (ఈ అంకెలు ఫోకల్ దూరం, మిల్లీమీటర్లలో; పెరిగేకొద్దీ దూరపువి దగ్గరగా కనిపిస్తాయి) 490, పాత 70-300 లెన్స్ 745. కూడితే సరిగ్గా రెండు కిలోలు. ఫొటోలకి ఏ లోటూ లేదు. కానీ మే నెలలో ఏటిగట్టు వెంట నడుస్తుంటే పదిన్నరకల్లా మెడ పట్టేసేది. ఆ తర్వాత మంచి దృశ్యం కనబడినా సంచీ జిప్పు తీయబుద్ధి అయ్యేది కాదు.

ఇప్పుడు వాడుతున్నది ఫుజిఫిల్మ్ ఎక్స్-టీ30. ఇది 2019లో వచ్చిన మోడల్, బ్యాటరీ, కార్డుతో 383 గ్రాములు. దీనితో ఎక్స్‌ఎఫ్ 18-55 ఎఫ్/2.8-4 (310 గ్రాములు; ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు), ఎక్స్‌సీ 50-230 (375), ఎక్స్‌ఎఫ్ 35 ఎఫ్/2 (170). మొత్తం 1238 గ్రాములు. అంటే ఒక లెన్స్ ఎక్కువే ఉన్నా కిలోంపావు దాటలేదు.

ఇదంతా అద్దం తీసేయడం వల్లే వచ్చిందనుకుంటే పొరపాటు. అద్దం, దాని పైనుండే ప్రిజం పోయాక బాడీ పలచబడుతుంది. లెన్స్ మౌంటుకీ సెన్సర్‌కీ మధ్య దూరం నికాన్ ఎఫ్ మౌంటులో 46.5 మిల్లీమీటర్లు అయితే ఫుజి ఎక్స్ మౌంటులో 17.7 మాత్రమే. ఆ లాభం బాడీకీ, వైడ్ లెన్సులకీ బాగా దక్కుతుంది. పొడవు లెన్సుల దగ్గరికి వచ్చేసరికి అద్దం లేకపోవడం పెద్దగా ఉపయోగపడదు. అక్కడ బరువుని తేల్చేవి సెన్సర్ సైజు, అపర్చరు (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం). అందుకే ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మంత పెద్ద సెన్సర్) మిర్రర్‌లెస్ కొని "తేలికైంది" అనుకునేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. సోనీ ఏ7 త్రీ 650 గ్రాములు, దానికి 24-105 ఎఫ్/4 లెన్స్ 663. ఆ రెండూ కలిస్తేనే నా సంచీలో ఉన్న మొత్తం సరుకు కంటే బరువు. ఇంకా టెలీ (దూరపు) లెన్స్ కొననేలేదు.

కాబట్టి నా వరకు పోటీ ఏపీఎస్-సీకీ (నా ఫుజిలో ఉన్న సెన్సర్ సైజు), ఇంకా చిన్న సెన్సర్ ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్‌కీ మధ్యే. తూకం ఒక్కటే చూస్తే ఫుజి గెలవదు. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఓఎం-5 బాడీ 414 గ్రాములు. దానికి 12-45 ఎఫ్/4, చిన్న 40-150 కలిపితే 858 దగ్గర ఆగుతుంది. పైగా తడిని తట్టుకునే బాడీ, లోపల స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు). సోనీ ఏ6400కి 16-50, 55-210 తగిలిస్తే 864. దాని ఆటోఫోకస్ నా కెమెరా కంటే బాగుంటుంది, ఇందులో వాదన లేదు. స్నేహితుడి దగ్గర అది తీసుకుని వాడాను కూడా. అయినా ఫుజి దగ్గరే ఆగిపోవడానికి ఒక కారణం 18-55 లెన్స్, రెండో కారణం ఆకుపచ్చ. ఇక్కడ ఆ రెండో సంగతే కాస్త వివరంగా చెప్పాలి.

డెల్టాలో ఎటు చూసినా పచ్చే. సార్వా నాట్లు వేసిన నెలకి ఒక పచ్చ, దాళ్వా చేను పాలు పోసుకునేటప్పుడు ఇంకో పచ్చ, అరటిది వేరు, కొబ్బరిది వేరు. (కోనసీమ ఫొటో చూడగానే "అచ్చం కేరళలా ఉంది" అనేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే.) మధ్యాహ్నం ఎండలో చాలా కెమెరాల జేపెగ్‌లు (కెమెరాయే తయారుచేసి ఇచ్చే ఫొటోలు) ఈ పచ్చలన్నిటినీ ఒకే నిమ్మకాయ రంగులోకి తోసేస్తాయి. ఫోన్లయితే మరీనూ. ఫుజి ఫిల్మ్ సిమ్యులేషన్లలో (పాత ఫిల్ముల రంగుల్ని అనుకరించే సెట్టింగుల్లో) వెల్వియా పెడితే చేలకి పెయింట్ వేసినట్టే ఉంటుంది, అది కడియం నర్సరీల్లో పూలకి తప్ప నేను వాడను. క్లాసిక్ క్రోమ్ పెడితే పచ్చ కాస్త దిగి, వరికీ కొబ్బరికీ తేడా నిలుస్తుంది. దానికి తోడు ఒక పోలరైజర్ (మెరుపుని తగ్గించే ఫిల్టర్). కొబ్బరాకు మీద, నీళ్లు నిలిచిన మడి మీద ఎండ తళతళ తగ్గితే అడుగునున్న అసలు రంగు బయటికొస్తుంది. 18-55కీ 50-230కీ ఫిల్టర్ సైజు ఒక్కటే, 58 మిల్లీమీటర్లు. ఒక్క పోలరైజర్ రెండింటికీ సరిపోతుంది. కొనేటప్పుడు ఎవరూ పట్టించుకోని విషయం ఇది, వాడేటప్పుడు మాత్రం రోజూ పనికొస్తుంది.

ఇదే పచ్చ రా ఫైళ్ల (కెమెరా మెరుగులు దిద్దని సెన్సర్ డేటా) దగ్గర కొంచెం తలనొప్పి తెస్తుంది. ఫుజి ఎక్స్-ట్రాన్స్ సెన్సర్ అమరిక మిగతావాళ్ల సెన్సర్లకి భిన్నం. దూరంగా ఉన్న కొబ్బరితోట రా ఫైలుని అడోబీ లైట్‌రూమ్‌లో తెరిచి షార్ప్‌నెస్ ఎక్కువ పెంచితే ఆకుల్లో పురుగులు పాకినట్టు గీతలు కనిపిస్తాయి. షార్ప్‌నెస్ తగ్గించుకోవాలి, లేదా వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరవాలి. కెమెరా ఇచ్చే జేపెగ్‌లో ఈ గొడవ లేదు. నేను ఎక్కువగా జేపెగ్‌తోనే సరిపెట్టుకుంటున్నాను.

పని ఎలా చేస్తుందో చెప్పాలంటే ఆత్రేయపురం తీసుకెళ్లాలి. పూతరేకులు తీసే పాక లోపల చీకటి, వెలుగు వచ్చేది గుమ్మంలోంచే. బోర్లించిన కుండ కింద మంట. ఆవిడ బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి ఇటునుంచి అటు లాగుతుంది. జావ తగలగానే ఆవిరి లేస్తుంది, రెండు క్షణాల్లో రేకు అంచు లేస్తుంది, వేలికొసలతో దాన్ని ఒలిచి పక్కన పెడుతుంది. గుమ్మం వెలుగు ఆ రేకులోంచి దూరి వేళ్లు కనబడేది ఆ ఒలిచే క్షణంలోనే. ఇక్కడ 35 ఎఫ్/2 బయటికి తీస్తాను. వ్యూఫైండర్ ఎలక్ట్రానిక్ కాబట్టి ఫొటో ఎంత చీకటిగా వస్తుందో నొక్కకముందే కనిపిస్తుంది. బొటనవేలి దగ్గరున్న ఎక్స్‌పోజర్ చక్రాన్ని కాస్త కిందికి తిప్పితే రేకు తెల్లగా మాడిపోకుండా నిలుస్తుంది. పాత కెమెరాలో తీసి, చూసి, సరిచేసి, మళ్లీ తీసేలోపు ఆవిడ మరో మూడు రేకులు తీసేసేది.

శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టర్ ఇలాంటి చోట్ల బాగుంటుంది, పనిచేసేవాళ్లు మన వైపు తిరగరు. కాకపోతే పాకలో ఎల్‌ఈడీ బల్బు వెలుగుతుంటే ఫొటోలో అడ్డంగా చారలు పడొచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అలాంటప్పుడు మెకానికల్ షట్టర్‌కి మారి, స్పీడు 1/50 గానీ 1/100 గానీ పెడితే చారలు పోతాయి. పెళ్లిమండపాల్లో కూడా ఇదే మందు.

కోటిపల్లి రేవులో పంటు (మనుషుల్ని, బళ్లని ఏరు దాటించే పడవ) మీద పరిస్థితి వేరు. మోటార్‌సైకిళ్లు, అరటిగెలలు, జనం, వెనకాల మెరిసే గోదావరి. నీళ్ల మెరుపుకి కెమెరా మోసపోయి మనుషుల ముఖాలు నల్లగా తీస్తుంది. ఇక్కడ డైనమిక్ రేంజ్‌ని (మెరుపునీ చీకటినీ రెండింటినీ నిలిపే సెట్టింగుని) డీఆర్400లో పెడతాను. దానికి ఈ కెమెరాలో ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందించే స్థాయి) కనీసం 640 ఉండాలి, ఎండలో అదేమీ ఇబ్బంది కాదు. ఒకసారి పక్కనున్న పెద్దాయన స్క్రీన్‌లోకి తొంగిచూసి, "ఇదే మా అబ్బాయి ఫోనులో కూడా వస్తుంది కదండీ, దీనికి అంత డబ్బెందుకు?" అన్నాడు. అవతలి ముక్తేశ్వరం ఒడ్డు మొత్తం కనిపించే ఆ వైడ్ ఫొటో వరకు ఆయన మాట నిజమే. మిట్టమధ్యాహ్నం వైడ్ దృశ్యాలకి నేనూ ఫోనే వాడతాను. 50-230 తగిలించి దూరంగా నాటుపడవలో వల విసురుతున్న మనిషిని చూపిస్తే, "అదీ సంగతి" అని తలూపాడు.

ఆ 50-230 గురించి ఒక మాట. ప్లాస్టిక్ మౌంటు, చివర ఎఫ్/6.7, చేతిలో బొమ్మలా ఉంటుంది. సమీక్షల్లో దీన్ని చులకన చేస్తుంటారు. నా దృష్టిలో ఈ సిస్టం మొత్తానికి ఇదే ప్రాణం, ఎందుకంటే 375 గ్రాములు కాబట్టే రోజూ సంచీలో ఉంటుంది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో గంగలకుర్రు ప్రభలు (దేవుణ్ని పెట్టి భుజాల మీద మోసే ఎత్తైన అలంకార చట్రాలు) కౌశిక కాలువ దాటేటప్పుడు గట్టు మీద కాలు కదపడానికి చోటుండదు. అంత దూరం నుంచి ప్రభ మోసేవాళ్ల భుజాలు, మెడ నరాలు, నడుం లోతు నీళ్లు ఫ్రేములోకి రావాలంటే ఇదే దిక్కు. వెలుగు తగ్గాక మాత్రం దీన్ని తీసి లోపల పెట్టేయాలి.

పక్షుల దగ్గర ఓడిపోతుంది. కోరింగ మడ అడవుల్లో పడవ మీంచి లకుముకిపిట్టని పట్టాలంటే 230 పొట్టి. ఫోకస్ కూడా అందుకోలేదు. పక్షులే మీ సరదా అయితే నా మాట వినకండి. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 75-300 లెన్స్ 423 గ్రాములే, ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 600 దాకా చేరుతుంది. వేగంగా ఎగిరేవాటికి సోనీలో 70-350 మంచిది, కాకపోతే 625 గ్రాములు.

ఇక మన ప్రాంతంలో కెమెరాకి అసలు శత్రువు వాన కాదు, ఉక్క. ఎక్స్-టీ30కి వాతావరణ రక్షణ లేదు. 35 ఎఫ్/2 లెన్స్‌కి ఉంది, బాడీకి లేనప్పుడు దానివల్ల లాభం సగమే. వానొస్తే కనబడుతుంది కాబట్టి సంచీలో పెట్టేస్తాం. ఉక్క కనబడదు. మా పెదనాన్నగారి ఫిల్మ్ కెమెరా లెన్స్ బీరువాలో తోలు కేసులోనే ఉండి, అద్దం లోపల సాలెగూడులా ఫంగస్ పట్టింది. తోలు కేసు తేమని పట్టి ఉంచుతుంది. నేను వాడేది వంటింటి సరుకులు పోసుకునే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా. అందులో సిలికా జెల్ (తేమ పీల్చే గింజలు), చిన్న తేమ మీటరు. మీటరు 40 శాతానికీ 50 శాతానికీ మధ్య ఉంటే నిశ్చింత. నారింజరంగు సిలికా గింజలు ఆకుపచ్చకి తిరిగితే మూకుడులో సన్నమంట మీద వేడిచేస్తే మళ్లీ రంగుకొస్తాయి. వర్షాకాలంలో ఈ పని తరచూ చేయాల్సిందే. ఖరీదైన ఎలక్ట్రిక్ డ్రై క్యాబినెట్లు ఉన్నాయిగానీ, తేలికపాటి సిస్టంకి డబ్బా చాలు.

ఏసీ కారులోంచి దిగిన వెంటనే కెమెరా తీస్తే లెన్స్ మీద మంచు పడుతుంది. తుడిచినా మళ్లీ పడుతుంది. రాత్రి ఏసీ గదిలో పడుకుని తెల్లారగట్ల ఫొటోలకి వెళ్లేవాళ్లు సంచీ జిప్పు తీయకుండా అరగంట ముందే వరండాలో పెట్టేయాలి. అంతర్వేదిలో వశిష్ట (గోదావరి పాయ) సముద్రంలో కలిసే చోట గాలిలో ఉప్పు తుంపర ఉంటుంది. అక్కడ లెన్స్ మార్చను. ఇంటికొచ్చాక కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో బాడీ తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడుస్తాను.

బ్యాటరీ విషయంలో డీఎస్‌ఎల్‌ఆర్ సుఖం పోయింది. డీ7200కి ఒక్క ఛార్జింగ్‌తో 1110 ఫొటోలని కంపెనీ లెక్క, దీనికి 380. మూడు బ్యాటరీలు ఉండాలి. టైప్-సీ తీగతో పవర్‌బ్యాంకు నుంచే ఛార్జ్ అవుతుంది కాబట్టి పెద్దగా టెన్షన్ లేదు. బాడీలో స్టెబిలైజేషన్ లేదు. రెండు జూమ్‌లకీ లెన్స్‌లోనే ఉంది కానీ, 35కి లేదు. వెనక క్యూ బటన్ (సెట్టింగులు త్వరగా తెరిచేది) బొటనవేలు ఆనే చోటే ఉంది, కొన్నాళ్లు అనుకోకుండా నొక్కుకుంటూ అలవాటు పడాలి. నా చేతికి బాడీ కాస్త చిన్నదే, బయట దొరికే చిన్న గ్రిప్ బిగించాక హాయిగా ఉంది.

ఇవాళ కొత్తగా కొనేవాళ్లకి ఎక్స్-టీ30 బదులు ఎక్స్-టీ50 ఉంది. 2024లో వచ్చింది, 438 గ్రాములు, లోపల స్టెబిలైజేషన్. దానితో వచ్చిన కొత్త 16-50 లెన్స్ 240 గ్రాములే. బడ్జెట్ తక్కువైతే సెకండ్‌హ్యాండ్‌లో ఎక్స్-టీ30, 18-55 చూసుకోవచ్చు. 2027 గోదావరి పుష్కరాలకోసం కొనేవాళ్లు ముందునుంచే వెతకడం మంచిది, చేయి అలవాటు పడటానికి కొన్ని నెలలైనా పడుతుంది. పాత లెన్స్ కొనేటప్పుడు, మన జిల్లాల్లో వాడినదైతే మరీ ముఖ్యంగా, రెండు మూతలూ తీసి, అపర్చరు పూర్తిగా తెరిచి, వెనకనుంచి ఫోను టార్చ్ వేసి ముందునుంచి ఏటవాలుగా చూడండి. దుమ్ము చుక్కలు ఉంటే ఫర్వాలేదు. అంచుల దగ్గర సన్నటి తెల్ల దారాలు కనిపిస్తే ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు, అది మీ డబ్బాలో ఉన్న మిగతా లెన్సులకీ అంటుకోవచ్చు.