లినక్స్ మింట్ 22 సినమన్: తెలుగులో రాసుకునేవారికి ఎలా ఉంటుంది?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. మా ఇంట్లోని 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌కు విండోస్ 11కు కావలసిన అర్హతలు లేవు. మంచి కీబోర్డు ఉన్న యంత్రాన్ని పాత సామాన్లవాడికి ఇవ్వడానికి మనసొప్పక, అందులో విండోస్‌కు బదులుగా వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ మింట్ 22ను, సినమన్ అనే డెస్క్‌టాప్ ఉన్న రకాన్ని, ఎక్కించి రోజూ తెలుగు వ్యాసాలు రాసుకోవడానికి వాడుతున్నాను. ఈ మింట్ 22 వరుస ఉబుంటు 24.04 అనే మరో లినక్స్ పునాదిపై తయారైంది కాబట్టి 2029 వరకు భద్రతా అప్‌డేట్లు అందుతాయి.

విండోస్‌లో లాగే తెర కింద ప్యానెల్ (పట్టీ), దాని ఎడమ మూల మెనూ ఉండటం వల్ల కొత్తవారికి తడబాటు ఉండదు. నాకు బాగా ఉపయోగపడినది నీమో ఫైల్ మేనేజర్‌లో ఎఫ్3 నొక్కగానే కిటికీ రెండుగా చీలే సదుపాయం; ఒకవైపు పెన్‌డ్రైవ్, మరోవైపు డాక్యుమెంట్లు తెరుచుకుని ఫైళ్లను ఇటునుంచి అటు లాగేయవచ్చు.

తెలుగు విషయానికి వస్తే, ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) అలవాటున్నవారు కీబోర్డ్ సెట్టింగుల్లో లేఅవుట్ల జాబితాకు తెలుగును చేర్చుకుంటే చాలు. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టేవారు టైపింగ్ పద్ధతులను నడిపే ఐబస్ అనే ప్రోగ్రామ్‌తో పాటు ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసి, లాగౌట్ అయి మళ్లీ లోపలికి వచ్చి, ఐట్రాన్స్ లేదా ఆర్‌టీఎస్ పద్ధతిని ఎంచుకోవాలి. లాగౌట్ కాకుండానే ప్రయత్నించి, పనిచేయడం లేదని వదిలేయకండి. చిన్న సైజులో వత్తులు, గుడులు కలిసిపోయి కళ్లకు శ్రమ అనిపిస్తే రిజల్యూషన్ జోలికి పోకుండా, ఫాంట్ సెట్టింగుల్లో టెక్స్ట్ స్కేలింగ్‌ను 1.0 నుంచి 1.1కు పెంచండి; ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వంటి మాటల్లో ఆ తేడా వెంటనే కనిపిస్తుంది. మండలి వంటి ఫాంట్ కావాలంటే హోమ్ ఫోల్డర్‌లో (మీ సొంత ఫైళ్లుండే చోటు) డాట్‌తో మొదలయ్యే ‘.fonts’ అనే ఫోల్డర్ చేసి ఫాంట్ ఫైలును అందులో వేస్తే సరిపోతుంది. ఆదేశాలు టైప్ చేసి పని చేసే టెర్మినల్‌లో మాత్రం తెలుగు గుణింతాలు చెదిరిపోయి కనిపిస్తాయి. తెలుగు పేర్లు పెట్టుకున్న ఫైళ్లతో అక్కడ పని చేయాలనుకునేవారికి ఇది నిజంగా ఇబ్బంది, నాకు ఇంతవరకు తృప్తికరమైన పరిష్కారం దొరకలేదు.

రూపం మార్చుకోవడానికి థీములు, ఆప్లెట్లు (ప్యానెల్‌లో చేరే చిన్న పనిముట్లు), ఎక్స్‌టెన్షన్లు (డెస్క్‌టాప్ పనితీరును మార్చే చేర్పులు) కావలసినన్ని ఉన్నాయి. అయితే ఒకసారి ఒకటే వేసి, రెండు రోజులు వాడి చూశాకే రెండోది వేయాలి. ఒక ఎక్స్‌టెన్షన్ వేశాక నా ప్యానెల్ బిగుసుకుపోయింది. కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్ కలిపి నొక్కగానే సినమన్ మళ్లీ మొదలైంది, తెరిచి ఉన్న ఫైళ్లు చెక్కుచెదరలేదు. టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్‌తో మొదటి రోజే ఒక స్నాప్‌షాట్ (ఏదైనా చెడితే వెనక్కి వెళ్లడానికి సిస్టమ్ నకలు) తీసి పెట్టుకోవడం తప్పనిసరి. అయితే అది మామూలుగా హోమ్ ఫోల్డర్‌ను భద్రపరచదు కాబట్టి, మీ రాతలకూ ఫోటోలకూ వేరే బ్యాకప్ ఉండాల్సిందే.

బ్రౌజర్‌లో ట్యాబులు ఎక్కువైతే 4 జీబీ ర్యామ్ చాలడం లేదు. అంతే ర్యామ్ ఉన్నవారికి సినమన్ కంటే తేలికైన డెస్క్‌టాప్ ఉన్న మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ రకాన్నే సూచిస్తాను. పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన, యూనికోడ్ కాని పుస్తకాల ఫైళ్లతో రోజూ పని ఉన్నవారు విండోస్‌ను పూర్తిగా తీసేయవద్దు. మిగిలినవారు పెన్‌డ్రైవ్ నుంచే మింట్‌ను నడిపి, వైఫై, ప్రింటర్, సౌండ్ మూడూ పనిచేస్తున్నాయని చూసుకున్న తరువాతే ఇన్‌స్టాల్ బటన్ నొక్కాలి.