50 మిల్లీలీటర్ల ప్రార్థన నూనె, 300 రూపాయల కానుక

మా అమ్మకు షుగరు వచ్చి పదిహేనేళ్లు దాటింది. నిరుడు నవంబరులో కుడి అరికాలిలో చిన్న పుండు లేచి ఎంతకీ మానకపోవడంతో, టీవీలో ఒక స్వస్థత పరిచర్య కార్యక్రమం చూసి, తెర మీద వచ్చిన నంబరుకు తానే ఫోను చేసి ప్రార్థన నూనె తెప్పించుకుంది. ఆ పరిచర్య పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి సీసాలు పంపేవారు ఒక్కరే కాదు గనుక పేరు లేకపోయినా చదివేవారికి వచ్చే లోటు లేదు.

పార్సిలు ఆరు రోజులకు గుంటూరు చేరింది. పాత దినపత్రికలో చుట్టిన ప్లాస్టిక్ సీసా, నాలుగు పేజీల కరపత్రం, తర్వాతి కానుక పంపడానికి చిరునామా ముద్రించిన కవరు అందులో ఉన్నాయి. మూత సరిగా బిగించనందువల్ల కొంత నూనె కారిపోయి కాగితమంతా తడిసింది. సీసా మీద రెండు చేతులూ పైకెత్తిన దైవసేవకుని ఫొటో, దాని కింద 'పరిశుద్ధ దేశపు ఒలీవ నూనె' అన్న మాట ఉన్నాయే గాని, ఎక్కడ తయారైందో, ఎప్పుడు తయారైందో, అందులో ఏమేమి కలిపారో ఒక్క ముక్క లేదు. 300 రూపాయలను ధర అనకుండా కానుక అన్నారు గనుక అవి రాయనక్కర లేదనుకున్నారు కాబోలు.

మూత తీస్తే మల్లెపూల సెంటు వాసన గుప్పుమంది. డిసెంబరులో చలి ముదిరిన ఒక తెల్లవారుజామున చూస్తే సీసాలో నూనె తెల్లగా పేరుకుని ఉంది. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. మన ఊళ్లలో పడే పాటి చలికి ఒలీవ నూనె అలా గడ్డకట్టదు. పక్కనే గూట్లో ఉన్న మా తలనూనె డబ్బా కూడా ఆ ఉదయం అచ్చం అదే రూపంలో ఉంది.

కొబ్బరి నూనె కావడం నాకు అభ్యంతరం కాదు. రోమన్ కథోలిక సంఘంలో వ్యాధిగ్రస్తుల అభ్యంగనానికి, అంటే రోగికి నూనె రాసి ప్రార్థించే సంస్కారానికి, ఒలీవ నూనె వాడే ఆచారం ఉన్నా, అది దొరకని చోట్ల ఇతర మొక్కల నుంచి తీసిన నూనెనూ వాడవచ్చునని పోపు ఆరవ పౌలు 1972లోనే అనుమతించారు. కొబ్బరి నూనెను ఒలీవ నూనె అని చెప్పి, రోగి మంచం దగ్గరకు అబద్ధాన్ని పంపడమే నా అభ్యంతరం.

సీసా కన్నా కరపత్రం ఎక్కువ హాని చేసింది. నూనెను నేరుగా పుండు మీద రాయాలనీ, నిజమైన విశ్వాసం ఉన్నవారు బిళ్లల మీద ఆధారపడరనీ, స్వస్థత ఆలస్యమైతే మీలో దాగి ఉన్న పాపాన్ని వెతుక్కోవాలనీ అందులో ఉంది. మాకు తెలియకుండా అమ్మ తొమ్మిది రోజులు రాత్రి బిళ్ల మానేసింది. పుండు తగ్గకపోగా చుట్టూ ఎర్రబడితే, పాపం ఎక్కడ జరిగిందోనని చిన్ననాటి నుంచీ చేసినవన్నీ తలచుకుంటూ నిద్ర లేకుండా కూర్చుంది. మధుమేహం నయం చేస్తామని మహిమగల వస్తువులను ప్రకటించడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది గాని, కానుక అన్న మాట చాటున ఇవన్నీ నడిచిపోతున్నాయి.

మాది మూడు తరాల లూథరన్ కుటుంబం. నూనె మీద మాకు చిన్నచూపు లేదు. శిష్యులు అనేకమంది రోగులకు నూనె రాచి స్వస్థపరచినట్లు మార్కు సువార్త ఆరవ అధ్యాయంలో ఉంది. అయితే ఈ సీసాలవారందరూ ఆధారంగా చూపే, బైబిలులో యాకోబు పత్రిక అనే లేఖ అయిదవ అధ్యాయాన్ని నిదానంగా చదివితే, 13 నుంచి 16 వరకు గల నాలుగు వచనాల్లో నూనె ఒక్కసారే వస్తుంది, ప్రార్థన ప్రతి వచనంలోనూ వస్తుంది. రోగి సంఘపు పెద్దలను పిలిపించాలి, వారు మనిషి దగ్గరకు రావాలి. ఆ పైన 'మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి' అన్న ఆజ్ఞ రోగికే కాక వచ్చినవారికీ వర్తిస్తుంది. పాపం సంగతి కూడా 'అతడు పాపములు చేసినవాడైతే' అనే ఉంది. కరపత్రం రాసినవారు ఆ 'అయితే'ను తీసేశారు. పుట్టుగ్రుడ్డివాణ్ని చూపి ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు వీడూ కాదు, వీని కన్నవారూ కాదని యేసు చెప్పిన జవాబు మాత్రం ఆ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు.

బిళ్లల సంగతి బయటపడిన రోజున అమ్మను డాక్టరుకు చూపించి, సంఘానికి కబురు చేశాము. పిలిచిన మూడో రోజుకు గాని రాలేదన్నది వారి మీద నా ఫిర్యాదు. సంఘ కాపరి అయ్యగారు, ఇద్దరు పెద్దలు వచ్చారు. అయ్యగారు కూర్చోగానే అడిగిన మొదటి మాట "అమ్మా, బిళ్లలు వేసుకుంటున్నారా?" అని. తర్వాత యెషయా గ్రంథం 38వ అధ్యాయం చదివారు. జబ్బుపడిన హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థిస్తే దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు ఇచ్చాడు. ఇచ్చినా, అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టమని ప్రవక్త చెప్పాడు. మా వంటింట్లోని నువ్వుల నూనెనే చిన్న గిన్నెలో తెప్పించి, వేలి కొనతో అమ్మ నుదుట మాత్రం రాశారు. కాలి కట్టును ఎవరూ ముట్టలేదు.

ప్రార్థన బాగా సాగింది, నా ఓపికకు మించే సాగింది. మధ్యలో ఒక పెద్ద, తాను తమ్ముడితో మాట్లాడి ఏడాది అయిందని తానే ముందుగా ఒప్పుకున్నారు. అది విని అమ్మ చాలాసేపు ఊరుకుని, గట్టు తగాదాలో పెద్దమ్మను తాను అన్న మాటలు ఒక్కొక్కటిగా చెప్పింది. ఆ రాత్రే ఫోను చేయించుకుని "అక్కా, నేనే" అని, ఆపైన మాట రాక రిసీవరు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పుండుకూ ఈ తగాదాకూ సంబంధం ఉందని అయ్యగారు ఒక్క మాట కూడా అనలేదు.

రోజు విడిచి రోజు డ్రెస్సింగు, షుగరు ఉన్నవారి పాదాలకు వాడే మెత్తటి ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు, వేళకు బిళ్లలు, ఆదివారం ఆరాధనలో ఆమె పేరున ప్రార్థన. జనవరి నెలాఖరుకు పుండు మూసుకుపోయింది. దేవుడు బాగుచేశాడని అమ్మ అంటుంది, డాక్టరు దగ్గరకూ తప్పకుండా వెళుతుంది. నూనె సీసాను ఎవరికీ సిఫారసు చేయను. మిగిలిన నూనె అమ్మ తలకు రాసుకుని అయిపోగొట్టింది. తలనూనెగా దానికి వంక పెట్టలేను.

ఫిబ్రవరిలో ఆ పరిచర్య వారి నుంచి ఫోను వచ్చింది. స్వస్థత కలిగి ఉంటే టీవీలో సాక్ష్యం చెప్పమన్నారు. డాక్టరుగారి పేరు, చెప్పుల సంగతి, మా అయ్యగారు అడిగిన ప్రశ్న కూడా చెప్పనిస్తారా అని అమ్మ అడిగింది. కనుక్కుని మళ్లీ చేస్తామన్నారు, ఇంకా చేయలేదు.