రవివర్మ లక్ష్మికి కొత్త చట్రం: కర్నూలులో ఒక పటాల దుకాణం

కర్నూలులో కొండారెడ్డి బురుజుకు దగ్గరలో, ఒక సందులో ఉన్న పటాలు కట్టే దుకాణానికి గత నెలలో రెండు పనులు అప్పగించాను. మా అవ్వ పూజగదిలో ఏళ్ల తరబడి ఉన్న రవివర్మ లక్ష్మి పటానికి కొత్త చట్రం కట్టడం మొదటిది. ఆ చిత్రకారుని 'హంస దమయంతి'ని కొత్తగా అచ్చు వేయించి పటం కట్టి ఇవ్వడం రెండవది. మొదటి పనికి ఎంత సంతోషించానో రెండవ దానికి అంత నిరాశపడ్డాను.

లక్ష్మి పటం వెనుక అట్టను చెదలు తినేశాయి, దీపం పొగకు బొమ్మ పచ్చబారింది. తడిగుడ్డ తీసుకున్న పనివాణ్ణి యజమాని వారించి, మెత్తటి కుంచెతో దుమ్ము మాత్రమే దులిపించారు. ఆ పటం ఓలియోగ్రాఫు, అంటే ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చురాయి చొప్పున అద్దుకుంటూ పోయి, చివరకు వార్నిషు పూసిన కాగితం కాబట్టి దానికి తడి తగలకూడదన్న సంగతి ఆయనకు తెలుసు. లామినేషను మాటే ఎత్తలేదు. అద్దం కాగితానికి అంటుకోకుండా చుట్టూ మౌంటు, అంటే అట్ట అంచు, పెట్టారు. కుంకుమ మరకలున్న పాత అద్దాన్ని పారవేయమంటారా అని అడిగి మరీ కాగితంలో చుట్టి ఇచ్చారు. టేకు చట్రంతో కలిపి 1,400 రూపాయలు ఎక్కువేమీ కాదు.

దమయంతి దగ్గరే చిక్కు వచ్చింది: కొత్త అచ్చులో రంగుల ఛాయలు పోయాయి. అది ఎందుకు అంత పెద్ద లోపమో తెలియాలంటే రవివర్మ నేర్చుకున్న తీరు చూడాలి. 1848లో కిళిమానూరులో పుట్టిన ఆయనకు తొలి పాఠాలు మేనమామ రాజరాజవర్మ చెప్పారు. పద్నాలుగవ ఏట తిరువనంతపురం ఆస్థానానికి చేరినా తైలవర్ణాల కిటుకులు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. 1868లో అక్కడికి వచ్చిన ఐరోపా చిత్రకారుడు థియడోర్ జెన్సన్ చిత్రాలు వేస్తుంటే పక్కన నిలబడి చూడడానికి మాత్రం అనుమతి దొరికింది. నూనెరంగు మెల్లగా ఆరుతుంది కనుక ఒక ఛాయను మరొక దానిలోకి కరిగించవచ్చు. ఆ వీలుతోనే ఆయన చర్మపు నునుపు, పట్టుచీర ముడతలు, నగల తళుకు సాధించారు. 1873 నాటికి వియన్నా ప్రదర్శనలో బహుమతి అందుకున్నారు. బరోడా సంస్థానానికి పురాణ ఘట్టాలు చిత్రించిన తరువాత, 1894లో బొంబాయిలో అచ్చుకూటం పెట్టారు. రాజభవనాల గోడల మీది దేవతలు మా అవ్వ గదికి దిగివచ్చింది ఆ దారినే. అచ్చులో మూలం సొగసు కొంత పోతుందన్న ఫిర్యాదు ఉంది, నిజమే. అయినా మా లక్ష్మి ముఖంలో ఛాయలు ఇంకా నిలిచే ఉన్నాయి.

1899 నాటి దమయంతిని ఈ దుకాణం వారు కంప్యూటరులో రంగులు పెంచి అచ్చు వేయించారు. చీర ముడతలన్నీ ఒక్క ఎర్రటి ముద్దగా కలిసిపోయాయి, ముఖమేమో పెళ్లి ఫ్లెక్సీలో పెళ్లికూతురి ముఖంలా తెల్లగా మెరుస్తోంది. తిరువనంతపురం శ్రీచిత్ర గ్యాలరీలో మూలచిత్రాన్ని చూసిన కంటికి ఇది కష్టంగానే ఉంటుంది. చెప్పగానే, డబ్బు అడగకుండా మరోసారి వేయించారు. ఎరుపు తగ్గింది గాని ముడతలు తిరిగి రాలేదు.

పాత పటాలుంటే నిస్సంకోచంగా అక్కడికే తీసుకువెళ్లవచ్చు. కొత్త అచ్చు కావలసినవారు మాత్రం ముందుగా జానెడు నమూనా వేయించి, దుకాణం ట్యూబులైటు కింద కాక బయట పగటి వెలుతురులో చూసుకున్నాకే బయానా ఇవ్వడం మేలు.