క్లిమాటికెట్: ఐదో కార్డు వాడుతూ రాస్తున్న అభిప్రాయం

ఉద్యోగం కోసం ఆస్ట్రియాలోని గ్రాజ్‌కు వచ్చిన కొత్తలో, 2021 నవంబరులో, మొదటి క్లిమాటికెట్ కార్డు కొన్నాను. దేశం మొత్తంలో రైలు, ఊరి బస్సు, ట్రామ్, వియన్నా మెట్రో, ఏది ఎక్కినా ఏడాది పొడవునా అదొక్కటే చాలు. అప్పటి ధర 1,095 యూరోలు, అంటే రోజుకు సరిగ్గా 3 యూరోలు. అక్టోబరులోనే కొన్నవాళ్లకు 949కే దొరికింది. అప్పటి నుంచి ఏటా కొంటూనే ఉన్నాను. ఇప్పుడు నా పర్సులో ఉన్నది ఐదోది.

మొదటి ఆరు నెలలూ ప్రతి ప్రయాణానికీ టికెట్ కొని ఉంటే ఎంతయ్యేదో డైరీలో రాసుకున్నాను. పెట్టిన డబ్బు తిరిగొచ్చిందని తేలాక రాయడం మానేశాను. అసలు మార్పు ఆ తర్వాతే వచ్చింది. దిగితే మళ్లీ టికెట్ కొనాలన్న బెంగ లేకపోయేసరికి, కిటికీలోంచి బాగుందనిపించిన చిన్న స్టేషన్‌లో దిగిపోవడం అలవాటైంది. ఈ దేశం గురించి నాకు తెలిసినదాంట్లో సగం అలా దిగిన చోట్ల తెలిసిందే.

అన్నిటికంటే ఎక్కువసార్లు దిగింది గ్రాజ్, వియన్నాల మధ్య కొండ మీదున్న సెమ్మరింగ్‌లో. గ్రాజ్ నుంచి వియన్నాకు రెండున్నర గంటలకు పైనే పడుతుంది. కారణం ఈ కొండే. ఇక్కడ రైలు వేగం తగ్గించి, వంపుల్లో మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. కార్ల్ ఫోన్ గేగా అనే ఇంజనీరు 1848లో ఈ రైలు మార్గం పని మొదలుపెట్టించాడు, 1854లో పూర్తయింది. గ్లోగ్నిట్స్ నుంచి మ్యూర్ట్సుష్లాగ్ వరకు 41 కిలోమీటర్లు, 14 సొరంగాలు, 16 పెద్ద వంతెనలు. కొన్ని చోట్ల ప్రతి నలభై మీటర్లకూ ఒక మీటరు ఎత్తు పెరుగుతుంది. ఆ ఏటవాలు ఎక్కగల ఇంజను పని మొదలైనప్పుడు ఇంకా తయారే కాలేదు! దానికోసం 1851లో పోటీ పెట్టారు. పట్టాలు వేస్తూ టైఫస్, కలరా వచ్చి చనిపోయిన కూలీలు వందల్లో ఉన్నారు. యునెస్కో ఈ మార్గాన్ని 1998లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

సెమ్మరింగ్ స్టేషన్ నుంచి పట్టాల వెంబడి కాలిబాట ఉంది. గంట సేపు నడిస్తే యూరోకు ముందున్న ఇరవై షిల్లింగుల నోటు మీద అచ్చేసిన దృశ్యం కనిపించే చోటు వస్తుంది. లోయకు అడ్డంగా రెండు వరుసల కమాన్ల వంతెన, వెనక సున్నపురాయి గుట్టలు. అక్కడి నుంచి బ్రైటెన్‌స్టైన్ స్టేషన్‌కు దిగి తిరుగు రైలు ఎక్కుతాను. మబ్బు పట్టిన రోజైనా వెళ్లండి, వంతెన మీద రైలు వెళ్లే చప్పుడు కోసమైనా.

మా పై అంతస్తులో ఎనభై దాటిన పెద్దావిడ ఉంటారు. సెమ్మరింగ్ వెళ్లొచ్చానని చెబితే తన చిన్ననాటి సంగతి చెప్పారు. యుద్ధం తర్వాత 1945 నుంచి 1955 దాకా ఈ దేశాన్ని నాలుగు సైన్యాలు పంచుకున్నాయి. గ్రాజ్ ఉన్న స్టైరియా బ్రిటిష్ వాళ్లది, కొండకు అవతల రష్యన్లది. నాన్నతో వియన్నా వెళ్తుంటే సెమ్మరింగ్‌లో రైలు ఆపి నాలుగు భాషల్లో అచ్చేసిన గుర్తింపు కార్డులు చూసేవారట. నాన్న చేయి వణకడం ఆవిడకు ఇప్పటికీ గుర్తు. ఈ కార్డు మొదలైన అక్టోబరు 26 జాతీయ దినోత్సవం. 1955లో ఆ సైన్యాలు వెళ్లిపోయాక దేశం తటస్థంగా ఉంటుందని చట్టం చేసిన రోజది. ఆవిడ మాట విన్నాక, నా కార్డును ఒక్క చూపు చూసి 'దాంకె' (థాంక్స్) అని టీసీ ముందుకు వెళ్లిపోవడం నాకు మామూలు విషయంగా అనిపించదు.

సాల్జ్‌బర్గ్ నుంచి ఇన్స్‌బ్రుక్ వెళ్లే వేగవంతమైన రైళ్లు జర్మనీ మూలను దాటుకుంటూ వెళ్తాయి. అక్కడా ఈ కార్డు చెల్లుతుంది. పశ్చిమ కొసన ఉన్న ఫోరార్ల్‌బర్గ్‌కు 1884లో తెరిచిన ఆర్ల్‌బర్గ్ సొరంగం గుండా వెళ్లాలి. అవతల మాట్లాడే జర్మన్, గ్రాజ్‌లో నేర్చుకున్న నా చెవికి అస్సలు పట్టలేదు. 1919లో అక్కడివాళ్లలో 80 శాతం స్విట్జర్లాండ్‌లో కలుస్తామని ఓటేశారంటే, ఆ యాస విన్నాక ఆశ్చర్యం వేయలేదు.

2025 డిసెంబరులో గ్రాజ్ నుంచి క్లాగెన్‌ఫుర్ట్‌కు కొత్త మార్గం తెరిచారు. కొండ కింద 33 కిలోమీటర్ల సొరంగం. ఇదివరకు బస్సులో రెండు గంటలు, ఇప్పుడు ముప్పావు గంట. క్లాగెన్‌ఫుర్ట్ ఉన్న కారింథియా రాష్ట్రంలో, దక్షిణాన కొన్ని ఊళ్ల బోర్డులు జర్మన్‌లోనూ స్లోవేనియన్‌లోనూ ఉంటాయి. 1972లో పెట్టిన అలాంటి బోర్డులను, స్లోవేనియన్ వద్దన్న గుంపులు పీకేశాయి. 2011లో 164 ఊళ్లకు ఒప్పందం కుదిరాకే గొడవ సద్దుమణిగింది. ఇంట్లో ఒక భాష, బయట ఇంకోటి మాట్లాడే నాలాంటివాళ్లకు ఆ బోర్డు ముందు కాసేపు నిలబడాలనిపిస్తుంది.

ఇక లోపాలు. సీటు రిజర్వేషన్ ఇందులో కలవదు, విడిగా కొనాలి. ఒక ఆదివారం సాయంత్రం వియన్నా నుంచి ఇంటిదాకా తలుపు పక్కన నిలబడే వచ్చాను. పండగ రోజుల్లో సీటు తప్పకుండా బుక్ చేసుకోండి. వియన్నా విమానాశ్రయానికి వెళ్లే ప్రత్యేక రైలు క్యాట్‌లో ఇది చెల్లదు, ఎస్7 లోకల్ రైలు ఎక్కండి. షాఫ్‌బర్గ్ పళ్ల చక్రాల రైలుకూ, కేబుల్ కార్లకూ చెల్లదు. హాల్‌స్టాట్ స్టేషన్ చెరువుకు ఒక గట్టున, ఊరు ఇంకో గట్టున. మధ్యలో పడవకు డబ్బు కట్టాలి. లోయల్లో చివరి బస్సు సాయంత్రమే వెళ్లిపోతుంది, తిరుగు సమయం చూసుకోకుండా కదలొద్దు. ఆదివారం కొట్లన్నీ మూసేస్తారు, పెద్ద స్టేషన్లలోవి తప్ప. నేను పులిహోర కట్టుకుని వెళ్తాను.

ధర గురించి బాధగానే ఉంది. 2025 ఆగస్టులో 1,300 చేశారు, 2026 జనవరి నుంచి 1,400. నెలకు రెండుసార్లయినా దూర ప్రయాణం లేకపోతే కొనొద్దని కొత్తగా వచ్చిన మనవాళ్లకు చెబుతున్నాను. సొంత రాష్ట్రం దాటనివాళ్లకు రాష్ట్రం వరకే చెల్లే కార్డు చవక.

సెమ్మరింగ్ కింద కూడా 27 కిలోమీటర్ల సొరంగం కడుతున్నారు. 2030లో తెరుస్తారట. అప్పుడు వియన్నా రైలు కొండ కిందుగా దూసుకుపోతుంది, వంతెన కనిపించదు. ఇంకో నాలుగేళ్లే ఉంది కాబట్టి, ఈ నవంబరులో ఆ 1,400 కట్టి ఆరో కార్డు తీసుకుంటున్నాను.